నలభై లెక్కపెట్టేలోగా

మా ట్రాక్టర్ రిపేరు షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ట్రాక్టర్ ముందు మట్టి ఎత్తడానికి ఉండే లోడర్ బకెట్‌ని పైకెత్తి ఉంచి, దాని కింద ఎవరైనా పని చేస్తుంటే, పైన లివర్ దగ్గర కూర్చున్నవాడు మధ్యమధ్యలో "ఉన్నావా?" అని అడగాలి. కిందవాడు "ఉన్నా" అనాలి. "బయటికొచ్చేశా" అని వినబడేదాకా లివర్ కదపకూడదు. మాకు పని నేర్పిన మావయ్య పెట్టిన నియమం అది.

నిరుడు ఆ మావయ్యే బకెట్ కింద పోయాడు. లివర్ దగ్గర ఉన్నది మా అన్నయ్య. "బయటికొచ్చేశా అన్నాడురా, ఒట్టు!" అని మొత్తుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. నేనైతే నలుగురిలో నిలబెట్టి అబద్ధాలకోరన్నాను. అప్పట్నుంచి పక్కపక్కనే పని చేస్తూ స్పానర్ ఇవ్వు, గుడ్డ ఇవ్వు అన్న మాటలే తప్ప మా మధ్య ఇంకేం లేవు.

ఈ వానాకాలంలో ఒక మధ్యాహ్నం, మావయ్యని పొట్టన పెట్టుకున్న ఆ ట్రాక్టరే మళ్ళీ మా షెడ్డుకొచ్చింది. చేతులు మారింది, రంగు మారింది. బకెట్ అంచున మావయ్య వేసిన వెల్డింగ్ అతుకు మాత్రం అలాగే ఉంది.

"దించితే దబ్బున పడుతోంది. మెల్లగా దిగేలా చేసిపెట్టండి," అని కొత్త యజమాని వదిలి వెళ్ళాడు.

పెద్ద కష్టమైన పనేం కాదు. సన్న బెజ్జం ఉన్న ఇత్తడి బిళ్ళ ఒకటి ఆయిల్ పైపులో బిగించాను. ఎత్తేటప్పుడు అది అడ్డు రాదు. దించేటప్పుడు మాత్రం ఆయిలంతా ఆ బెజ్జంలోంచే వెనక్కి రావాలి. మనిషెత్తు నుంచి బకెట్ నేలకి దిగేసరికి నలభై లెక్కపెట్టాను.

"పెళ్ళికూతురు నడిచొచ్చినట్టుందిరా," అని అన్నయ్య నవ్వాడు. ఏడాది తర్వాత నాతో నవ్వడం అదే.

బకెట్ మళ్ళీ ఎత్తి ఇంజన్ ఆపాను. పైపు అతుకు దగ్గర ఆయిల్ కారుతోంది. అన్నయ్య స్పానర్ తీసుకుని కిందికి దూరాడు.

"బకెట్ కింద ఇనుప గుంజ ఆనించనా?" అన్నాను.

"ఎందుకురా? ఇప్పుడు మెల్లగానే దిగుతుందిగా. నలభై లెక్కపెట్టేలోగా నాలుగుసార్లు బయటికొస్తా."

నాకూ నిజమే అనిపించి లివర్ దగ్గర సీట్లోనే ఉండిపోయాను.

వాన పెరిగింది. కరెంటు పోయింది. షెడ్డంతా ఆయిల్ వాసన, తడి మట్టి వాసన. రేకుల మీద చినుకుల మోత.

"ఉన్నావా?"

"ఉన్నా. చొక్కా అంతా ఆయిలయింది."

కాసేపయ్యాక మళ్ళీ అడిగాను. జవాబు రాలేదు. ఇంకోసారి అడిగాను...

"బయటికొచ్చేశా."

నా వెనకనుంచి. తిరిగి చూశాను. తలుపు దగ్గర వెలుతురుకి వీపు పెట్టి అన్నయ్య నిలబడి ఉన్నాడు. మొహం కనబడటం లేదు.

"దించేయ్," అన్నాడు మెల్లగా.

లివర్ ముందుకి నెట్టాను. బకెట్ చప్పుడు లేకుండా దిగసాగింది. ఇవాళైనా క్షమించమని అడగాలని సీటు దిగి వెళ్ళి అతని భుజం పట్టుకున్నాను.

చొక్కా పొడిగా ఉంది. ఆయిల్ మరక లేదు. వాసన కూడా లేదు.

"తమ్ముడూ..." బకెట్ కిందనుంచి అన్నయ్య గొంతు. "ఉన్నా... ఉన్నానురా! కాలు ఇరుక్కుంది!"

పరిగెత్తాను. లివర్ లాగాను. రాలేదు. రెండు చేతులతో లాగాను. అటువైపునుంచి ఎవరో ఒత్తిపట్టినట్టుంది. తాళం తిప్పాను. టక్... అంతే. ఇంజన్ అందుకోలేదు.

పద్దెనిమిది... పంతొమ్మిది... నా నోరు దానంతటదే లెక్కపెడుతోంది.

గుంజ షెడ్డు ఆ చివర ఉంది. ఆయిల్ మీద కాలు జారి పడ్డాను. లేచాను. దేవుడా, ఆ బెజ్జం ఇంకాస్త సన్నగా ఎందుకు చెయ్యలేదు! గుంజ ఈడ్చుకొచ్చాను. ముప్పై నాలుగు... నిలబెడదామంటే దాని పొడవు ఇప్పుడు పట్టదు. బకెట్‌ని మోసే ఇనుప చేతుల కింద అడ్డంగా తోశాను. ఇనుము మీద ఇనుము కీచుమంది.

బకెట్ ఆగింది. అన్నయ్య గుండెకీ దానికీ మధ్య జానెడు కూడా లేదు.

నేల మీద బోర్లా పడుకుని లోపలికి చెయ్యి పెట్టాను. ఆయిల్‌తో జిడ్డుగా, వెచ్చగా అన్నయ్య చెయ్యి దొరికింది. గట్టిగా పట్టుకున్నాను. తలుపు దగ్గర ఎవరూ లేరు.

"నీ గొంతే అన్నయ్యా... అచ్చం నీ గొంతే," అని ఏడ్చాను. "ఆరోజు నువ్వు చెప్పింది నిజం. పాపిష్టివాణ్ణి, నేను నమ్మలేదు."

"ఇప్పుడు నమ్మావుగా. చాల్లే." అన్నయ్య కూడా ఏడుస్తున్నాడు. "చెయ్యి వదలకురా."

"వదలను."

వాన ఒక్కసారిగా తగ్గింది. పైన, ఖాళీ సీటు దగ్గర, లివర్ టక్కుమంది.

"ఉన్నావా?"

"ఉన్నా," అన్నాడు అన్నయ్య అలవాటుగా.

పైన సీటు దగ్గర్నుంచి అడిగింది నా గొంతు. నేను పెదవి కూడా కదపలేదు.

అన్నయ్య నా నోటివైపే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత మెల్లగా, నా చేతిలోంచి తన చెయ్యి లాగేసుకున్నాడు.