పస్తుంటేనే పనిచేసే ఫంగస్

భవానీపురంలో కృష్ణ ఒడ్డున, పట్టపగలు మూడు గంటలకు, డాక్టర్ జ్ఞానేశ్వర్ కొబ్బరిబొండం తాగుతుండగా తూటా ఆయన గొంతును చీల్చుకుంటూ పోయింది. చేతిలోని బొండంలో నీళ్లు ఎర్రబడ్డాయి. కాల్చినవాడు బైకు మీద మాయమయ్యాడు. బొండాలమ్మే బుల్లెమ్మ మాత్రం కొంగుతో ఆ గాయాన్ని అదిమిపట్టి, ఆయన చల్లబడేదాకా వదల్లేదు.

ఇరవై నిమిషాల్లో ఏజెంట్ దేవేంద్రకు చీఫ్ ఫోన్ చేశాడు.

"జ్ఞానేశ్వర్ ఒక ఫంగస్ పెంచాడు. పటమట ల్యాబ్‌లో ఒకే ఒక్క ఫ్లాస్కు ఉంది. వెర్నర్ అనే విదేశీయుడి ముఠా దానికోసం దిగింది. ఫ్లాస్కునీ, అసిస్టెంట్ నాగవేణినీ కాపాడు. రుచిత నీతో వస్తుంది."

రుచిత పేరు వింటే డిపార్టుమెంటులో సగంమందికి గుండెదడ. మంగళగిరి పట్టుచీర, నల్లకళ్లద్దాలు, హ్యాండ్‌బ్యాగులో సైలెన్సర్.

ల్యాబ్‌లో నాగవేణి ఏడుపు దిగమింగుకుని చెప్పింది. "ఇది సరుగుడు వేళ్లను అల్లుకుని బతుకుతుందండీ. నేలలో నత్రజని చాలావరకు కుళ్లిన ఆకుల ప్రోటీన్లలో ఇరుక్కుని ఉంటుంది. వేరు దాన్ని తినలేదు. ఫంగస్ ఎంజైములు వదిలి ఆ ప్రోటీన్లను ముక్కలు చేస్తుంది. పీల్చుకుని చెట్టుకు పెడుతుంది. చెట్టు దీనికి చక్కెర ఇస్తుంది. మా సార్ పెంచిన రకం పదిరెట్లు చురుకు."

దేవేంద్ర వింటూనే చొక్కా గుండీ అంత ట్రాకర్‌ను ఫ్లాస్కు అడుగున అతికించాడు. ఫోన్ మోగి రుచిత బయటికి వెళ్లింది. నాగవేణి గొంతు తగ్గించింది.

"కానీ ఇప్పుడిది పనిచెయ్యట్లేదండీ."

మూల నిలబడిన తోటమాలి హనుమయ్య తల వంచుకున్నాడు. "బూజు నీరసంగా కనబడిందయ్యా. వారం కిందట సీసాలో చిటికెడు యూరియా ఏశాను. మా పొలాల్లో అంతేగా, ఏది వాడినా యూరియాయే."

"తేరగా నత్రజని దొరికింది కదండీ, ఎంజైములు చెయ్యడం మానేసింది," అంది నాగవేణి.

తలుపు తెరుచుకుంది. రుచిత చేతిలో ఫోన్ లేదు, పిస్తోలు ఉంది. మొదటి తూటా హనుమయ్య గుండెలో దిగింది. రెండోది దేవేంద్ర భుజంలో. అద్దాల బీరువా మీద పడి లేచేసరికి రుచిత లేదు, నాగవేణి లేదు, ఫ్లాస్కూ లేదు.

"అమ్మాయిగారు..." అంటూనే హనుమయ్య కన్నుమూశాడు. దేవేంద్రకు తన గాయం నొప్పి తెలియలేదు. ఒళ్లంతా కోపమే.

ట్రాకర్ గన్నవరంలో ఎయిర్‌పోర్టు వెనక గోడౌన్ చూపించింది. దేవేంద్ర తలకు తుండు చుట్టి, నెత్తురోడే భుజం మీద బస్తా వేసుకుని, చేత కొక్కెం పట్టి హమాలీలా లోపలికి నడిచాడు. గేటు దగ్గరివాడు ఆపబోయాడు. కొక్కెం వాడి గొంతులో దిగింది. అరవడానికి కూడా వాడికి వ్యవధి దొరకలేదు.

లోపల నాగవేణిని కుర్చీకి కట్టేశారు. కణతకు ఒకడి తుపాకీ. వెర్నర్ ఫ్లాస్కులోంచి ఒక చుక్క తీసి పాత ఎక్స్‌రే ఫిల్ము మీద వేశాడు.

"ఈ నల్లపూత జెలటిన్. అదీ ప్రోటీనే. అసలు సరుకైతే ఐదు నిమిషాల్లో కరిగిస్తుంది. కరిగితే ఈమెతో నాకు పనిలేదు. కాల్చెయ్."

బస్తాల చాటున నక్కిన దేవేంద్ర కొక్కెం బిగించి పట్టుకున్నాడు. యూరియా మరిగిన ఫంగస్ మళ్లీ బుద్ధిగా పనిలోకి దిగిందంటే ఆమె చచ్చినట్టే.

ఐదు నిమిషాలయ్యాయి. ఫిల్ము నల్లగానే ఉంది.

"నకిలీ!" వెర్నర్ రుచిత వైపు తిరిగాడు.

"కాదు! నా చేతులతో నేనే..."

రెండు తూటాలు. పట్టుచీర నెత్తుట్లో తడిసి నేలకు ఒరిగింది.

వెర్నర్ నాగవేణి జుట్టు పట్టి వంచాడు. "అసలుది ఎక్కడుంది? మూడు లెక్కపెడతా. ఒకటి... రెండు..."

దేవేంద్ర కొక్కెం, తుపాకీ పట్టినవాడి మణికట్టులో దిగింది. ఎముక విరిగిన చప్పుడు. రాలిన తుపాకీ దేవేంద్ర చేతికొచ్చింది. ఒక తూటా వాడి కడుపులోకి, ఇంకొకటి వెర్నర్ కంట్లోకి. వెర్నర్ పడుతూ బల్లను తన్నాడు. ఫ్లాస్కు దొర్లింది. దేవేంద్ర బోర్లాపడి, నేలకు జానెడు ఎత్తులో దాన్ని పట్టుకున్నాడు. పట్టింది తూటా తగిలిన చెయ్యే. అప్పుడు మాత్రం గట్టిగా అరిచాడు.

అరగంటకు చీఫ్ వచ్చాడు. "కల్చర్ పాడైనట్టేనా అమ్మా?"

ముఖం మీది నెత్తురు తుడుచుకుంది నాగవేణి. "లేదండీ. యూరియా లేనిచోటికి మార్చి కొన్నాళ్లు పస్తు పెడితే, అదే పనిలోకి దిగుతుంది."

ఆ వైద్యం తక్షణం అవసరమైనవాళ్లు డిపార్టుమెంటులో ఎవరెవరని దేవేంద్ర లెక్కేశాడు. చీఫ్‌తో కలిపి నలుగురు తేలారు.