ఎంత ఉంచమంటారు?

శనివారం మధ్యాహ్నం. హాల్లో నేల మీద బోర్లా పడుకుని ఉడుత కత్తెర ఆడిస్తోంది. నాలుక కొస కొంచెం బయటికొచ్చింది. శ్రద్ధగా పని చేసేటప్పుడు అది అలాగే బయటికొస్తుంది.

ఉడుత అంటే చెట్టెక్కే ఉడుత కాదు. ఐదో తరగతి చదివే పిల్ల. ఒక్కచోట కుదురుగా ఉండదని, చేతికందిన కాగితాన్నల్లా కొరికేస్తుందని ఇంట్లో ఆ పేరు పెట్టారు. కొరికేది పళ్ళతో కాదు, కత్తెరతో.

ఆ కత్తెర పట్టడం నేర్పింది తాతయ్యే, అంటే అమ్మ వాళ్ళ నాన్న. ఇప్పుడు వీళ్ళతోనే ఉంటున్నాడు. ఒకప్పుడు ఆయనకు ఊరి నడిబొడ్డున ఒక ఇరుకు వీధిలో సెలూన్ ఉండేది. పసిపిల్లల నుంచి పండుముసలి దాకా ఆ వీధిలో అందరి తలలూ ఆయన చేతిలోనే ఉండేవి. కుర్చీలో ఎవరు కూర్చున్నా ఆయన మొదట అడిగే మాట ఒక్కటే. "ఎంత ఉంచమంటారు?"

మిగతా సెలూన్లలో ఎంత తియ్యాలని అడిగేవారట. తాతయ్య మాత్రం ఎంత ఉంచాలో తెలుసుకున్నాకే కత్తెర తీసేవాడు. ఇంట్లో ఇదో పెద్ద జోకు. కేకు కోసేటప్పుడు కూడా అమ్మ ఆయన వైపు తిరిగి, "నాన్నా, ఎంత ఉంచమంటారు?" అని ఆటపట్టిస్తుంది.

మర్నాడు ఆ వీధి వాళ్ళంతా కలుసుకుంటున్నారు. ఉడుత వాళ్ళ అపార్ట్‌మెంట్ కింద ఉన్న హాల్లోనే. ఒకప్పుడు పక్కపక్క గుమ్మాల్లో ఉన్నవాళ్ళు ఇప్పుడు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. తమ దగ్గరున్న పాత ఫోటోలన్నీ వారం నుంచి తాతయ్యకు తెచ్చిస్తున్నారు. అన్నీ ఒకేచోట పెడితే అందరూ చూసుకోవచ్చని వాళ్ళ ఆశ. తాతయ్య వాటిని బిస్కెట్ల డబ్బాలో భద్రంగా దాచాడు.

గోడకు పెట్టే చార్టు తానే తయారు చేస్తానని ఉడుత మాటిచ్చింది. ఏ రంగు చార్టు కొనాలి, ఏ జిగురు వాడాలి అని తాతా మనవరాలూ గంటసేపు చర్చించారు. కత్తిరించే మాట మాత్రం ఇద్దరి నోటా రాలేదు. తరవాత తాతయ్య కుర్చీలు మాట్లాడి రావడానికి బయటికి వెళ్ళాడు.

డబ్బా తెరిచి చూస్తే ఉడుతకు ఫోటోలు అంతగా నచ్చలేదు. మనుషులు చిన్నగా మధ్యలో నిలబడి ఉన్నారు. చుట్టూ పెచ్చులూడిన గోడలు, రంగు పోయిన తలుపులు, తీగల మీద బట్టలు, ఎవరిదో సైకిలు. ప్రాజెక్టు చేసేటప్పుడు బొమ్మ చుట్టూ ఉన్న అనవసరమైనదంతా తీసేసి నీటుగా అంటించాలని స్కూల్లో టీచర్ చెప్పింది. గోడలకంటే అనవసరమైనది ఏముంటుంది?

అందుకే ఉడుత మనుషుల్ని కత్తిరించింది. ఎంత నేర్పుగా కత్తిరించిందంటే ఒక్క చెవి కూడా పోలేదు. అన్నిటికంటే పెద్దది, ఒకప్పుడు ఆ వీధిలోనే ఉన్న బేకరీ మామయ్య పెళ్ళి ఫోటో. అందులో పెళ్ళికొడుకు మోచేతి పక్కన ఏదో బూడిదరంగు మరక అడ్డొచ్చింది. ఉడుత కత్తెరను దాని మధ్యలోంచి పోనిచ్చింది. ఆ జంటను పసుప్పచ్చ చార్టు నడుమ అంటించేసింది. మిగతావాళ్ళను చుట్టూ వరసలుగా పేర్చి చూసుకుంది. గోడల ముక్కలన్నీ దోసిళ్ళతో ఎత్తి వంటింట్లో చెత్తబుట్టలో వేసింది.

కాసేపటికి అమ్మ అదే బుట్టలో టీ వడకట్టిన పొడి పారబోసింది. కవరు మూతి ముడేసి కింద పెద్ద డబ్బాలో పడేసి వచ్చింది. లోపల ఏముందో ఆవిడకేం తెలుసు?

తాతయ్య తిరిగొచ్చేసరికి ఉడుత చార్టు పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. భళా అంటాడని ఎదురుచూసింది.

తాతయ్య చార్టు వైపు చూశాడు. డబ్బా వైపు చూశాడు. డబ్బా ఖాళీ. ఆయన గోడ పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చున్నాడు.

"వెనకాల ఉన్నదంతా ఏదమ్మా?" అన్నాడు.

"గోడలా తాతయ్యా? పారేశాను. మనుషులే కదా ముఖ్యం?"

"మనుషులంతా రేపు వస్తారమ్మా," అన్నాడు తాతయ్య. "గోడలే రావు."

ఉడుతకు అర్థం కాలేదు. మనుషులు ముసలివాళ్ళవుతారు, పోతారు. గోడలెక్కడికి పోతాయి? కావాలంటే వెళ్ళి చూసుకోవచ్చు కదా? అదే మాట అడిగింది.

అప్పుడు తాతయ్య చెప్పాడు. రోజూ ఉడుత స్కూలు బస్సు ఆగే సిగ్నల్ పక్కన కార్లు నిలిపే నాలుగంతస్తుల భవనం ఉంది కదా, ఆ వీధి అక్కడే ఉండేదట. కొత్త రోడ్డుకూ ఆ భవనానికీ చోటు కావాలని వీధి మొత్తం పడగొట్టారట. గోడలు, తలుపులు, సెలూను, ఏదీ మిగల్లేదట.

ఆ భవనం దగ్గర బస్సు ఆగినప్పుడల్లా ఉడుత, తన ఫ్రెండు ఎర్ర కార్లు లెక్కపెడతారు. అక్కడ ఒక వీధి ఉండేదని, అందులో తాతయ్య ఉండేవాడని ఒక్కరోజు కూడా అనుకోలేదు.

"ఇంకో సంగతి," అన్నాడు తాతయ్య. "ఇస్త్రీ పెద్దమ్మ లేదూ..."

ఇస్త్రీ పెద్దమ్మ ఉడుతకు తెలుసు. వెనక వీధిలో బండి మీద బట్టలు ఇస్త్రీ చేస్తుంది. ఉడుత యూనిఫాం మీద మడతలు నిటారుగా వచ్చేది ఆవిడ చేతి చలవే. ఆవిడ ఇల్లూ ఆ పాత వీధిలోనే ఉండేదట. ఇల్లు పడగొట్టినప్పుడు ఆవిడ ట్రంకు పెట్టె పోయింది. అందులోనే వాళ్ళమ్మ ఫోటో ఉంది. ఇన్నేళ్ళుగా వాళ్ళమ్మ మొహం చూసుకోవడానికి ఆవిడ దగ్గర ఇంకేమీ లేదు. నిన్న డబ్బాలో ఫోటోలు సర్దుతుంటే బేకరీ మామయ్య పెళ్ళి ఫోటోలో, వెనకాల గడప మీద కూర్చుని ఉన్న ఒక మనిషి తాతయ్యకు కనిపించింది. అది ఆవిడే. పెద్దమ్మ వాళ్ళమ్మ. వెంటనే ఫోన్ చేసి, ఆదివారం వస్తే చూపిస్తానని చెప్పేశాడు.

ఉడుతకు బూడిదరంగు మరక గుర్తొచ్చింది.

తరవాత అమ్మకు సంగతి చెప్పి ముగ్గురూ మెట్లన్నీ ఎలా దిగారో వాళ్ళకే తెలియదు. చెత్త బండి ఇంకా రాలేదు. అమ్మ కవరు బయటికి లాగి, పాత పేపరు పరిచి, దాని మీద గుమ్మరించింది. టీ పొడి, ఉల్లిపాయ తొక్కలు, వాటి మధ్యలో ఒక వీధి.

ఉడుత చేతులతోనే ఏరింది. వాసనేసినా మొహం తిప్పుకోలేదు. ఇదొక కిటికీ. ఇదొక మెట్టు. ఇది సైకిలు ముందు చక్రం. తుడిచి ఒక్కొక్కటి అమ్మకు అందిస్తుంటే అమ్మ ఆరబెట్టింది. చాలావరకు దొరికాయి. టీ నీళ్ళలో నానిన ఒక ముక్క మాత్రం వేళ్ళ మధ్యే ముద్దైపోయింది. తాతయ్య ఆ ముద్దను అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"ఇక్కడ మన అద్దం ఉండేది," అన్నాడు. అంతే. అది ఆయన సెలూను. దానికి ఇంకో ఫోటో లేదు.

తిట్టినా బాగుండేదనిపించింది ఉడుతకు. తాతయ్య తిట్టలేదు. చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళి, దాన్ని తిప్పకుండానే చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

పెళ్ళి ఫోటోలో జంట వెనకున్న భాగం అట్టడుగున దొరికింది. తలుపు బాగానే ఉంది. గడప బాగానే ఉంది. గడప మీద సగం మనిషి ఉంది. ఒక భుజం, ఒక మోకాలు, సగం మొహం. మిగతా సగం లేదు.

ఉడుత పైకి పరిగెత్తింది. చార్టు మీద పెళ్ళికొడుకు మోచేతిని అంటుకుని బూడిదరంగు మరక అలాగే ఉంది. వంగి దగ్గరగా చూసింది. అది మరక కాదు. ఒక కన్ను, సగం నవ్వు, ఒళ్ళో గిన్నె పట్టుకున్న చెయ్యి. తన కత్తెర ఒక అమ్మ మొహం మధ్యలోంచి వెళ్ళింది. ఉడుత అక్కడే కూలబడి ఏడ్చింది.

సాయంత్రమంతా ముగ్గురూ కూర్చుని అతికించారు. చుట్టూ పేర్చిన మనుషుల్ని వాళ్ళ వాళ్ళ గోడల మధ్య పెట్టి వెనకనుంచి టేపు వేసి చార్టుకు అంటించారు. పెళ్ళి జంట మాత్రం చార్టుకు గట్టిగా అంటుకుపోయింది. అందుకని తలుపునూ గడపనూ తెచ్చి వాళ్ళ చుట్టూనే అమర్చారు. సగం మొహానికి సగం మొహం కలిసింది. కానీ ఎంత దగ్గరికి జరిపినా నడుమ తెల్లటి గీత నిలిచిపోయింది. అతుకు అతుకే.

పెద్దమ్మకు తాను చెబుతానన్నాడు తాతయ్య.

"వద్దు తాతయ్యా. కత్తిరించింది నేను. నేనే చెబుతా," అంది ఉడుత.

ఆదివారం కింద హాలు నిండిపోయింది. వచ్చినవాళ్ళందరూ ఒకేసారి మాట్లాడారు. ఇస్త్రీ పెద్దమ్మ మంచి చీర కట్టుకుని, కళ్ళజోడు చేతిలోనే పట్టుకుని వచ్చింది. ఉడుత ఆవిడకు ఎదురెళ్ళింది. రాత్రంతా అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"పెద్దమ్మా, మీ అమ్మగారు ఉన్న ఫోటో నేను కత్తిరించేశాను. చూసుకోలేదు. మళ్ళీ అతికించాం కానీ గీత పడింది."

పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని చార్టు ముందుకు నడిచింది. హాల్లో గోల దానంతటదే తగ్గిపోయింది. ఆవిడ వేలు తలుపు మీదుగా, గడప మీదుగా జరిగి ఆగింది.

"మా అమ్మ," అంది. ఆ తరవాత ఇంకా చిన్న గొంతుతో, "నాకంటే చిన్నది," అంది.

నిజమే. పెద్దమ్మ జుట్టు తెల్లబడిపోయింది. గడప మీద కూర్చున్న అమ్మ జుట్టు నల్లగా ఉంది. ఇన్నేళ్ళలో ఆ సంగతి పెద్దమ్మకు తట్టనే లేదు. ఆవిడ వేలితో ఆ తెల్లగీతను ఒకసారి తడిమింది.

"నాకు కోపం వస్తోందమ్మాయ్," అంది ఉడుత వైపు చూడకుండా. "కాసేపు నాతో మాట్లాడకు."

ఉడుత తలూపి గోడవారకు వెళ్ళి నిలబడింది.

మెల్లగా అందరూ చార్టు చుట్టూ మూగారు. వింత ఏమిటంటే ఎవరూ తమ మొహాలు చూసుకోలేదు. ఆ కిటికీ మాదంటే మాదని ఇద్దరు ముసలివాళ్ళు పోట్లాడుకున్నారు. సైకిలు ఎవరిదో తేలేసరికి ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆ ఫోటోలో తనను తానే చూసుకున్నానని, వెనక పెద్దమ్మ వాళ్ళమ్మ ఉందని కనిపెట్టనే లేదని బేకరీ మామయ్య సిగ్గుపడ్డాడు. సెలూను అద్దం ఎంత ఉండేదో, దాని మూలన పగులు ఎటు పోయేదో తలా ఒక మాట చెప్పారు. తాతయ్య అందరి మాటలూ విన్నాడు. ఒక్కటి కూడా సరిదిద్దలేదు.

వెళ్ళేముందు అందరూ కలిసి ఒక ఫోటో దిగుదామన్నారు. ఎవరు తీస్తారంటే తాతయ్య తన ఫోను జేబులోంచి తీశాడు. గోడవార నిలబడ్డ మనవరాలి చేతిలో పెట్టాడు.

మామయ్యలు, అత్తయ్యలు చార్టు ముందు ఒకరినొకరు తోసుకుంటూ సర్దుకున్నారు. దగ్గరికొచ్చి మొహాలు బాగా పడేలా తియ్యమని ఎవరో అన్నారు. ఉడుత ఫోను ఎత్తింది. తెరలో మొహాలన్నీ పెద్దగా, చక్కగా ఉన్నాయి. బొటనవేలు నొక్కబోయి ఆగిపోయింది. ఫోను దించి, ముందు వరసలో కుర్చీలో కూర్చున్న పెద్దమ్మను చూసింది. మాట్లాడొచ్చో లేదో తెలియలేదు. అయినా అడక్కుండా నొక్కలేకపోయింది.

"పెద్దమ్మా, ఎంత ఉంచమంటారు?"

ఆ మాట అక్కడ అందరూ ఎరిగిందే. తాతయ్య సెలూను కుర్చీలో కూర్చుని, మెడకు గుడ్డ కట్టించుకుని చిన్నప్పుడు విన్నదే. తాతయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు.

పెద్దమ్మ మొదటిసారి ఉడుత కళ్ళలోకి చూసింది.

"అంతా ఉంచు," అంది. "తలుపు కూడా. కుర్చీలు కూడా."

ఉడుత ఒక్కో అడుగూ వెనక్కి వేసింది. వీపు గోడకు తగిలింది. ఇంకా చార్టు కొస పడలేదు. తలుపు తీసుకుని వరండాలోకి వెళ్ళి నిలబడింది. అప్పుడు తెరలోకి అన్నీ వచ్చాయి. మనుషులు, చార్టు, సున్నం రాలిన గోడ, ఖాళీ గ్లాసులు, గుమ్మం బయట విడిచిన చెప్పులు. అన్నీ ఉన్నాయని ఇంకోసారి చూసుకుని, అప్పుడు నొక్కింది.