దాచిపెట్టిన నోటుపుస్తకాలు

"మీ లక్ష జిగుర్లలో నిజంగా వేరువేరువి మూడు వందలే," అందామె.

మీటింగ్ గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె ఆ ల్యాబ్‌లో డేటా చూసే ఉద్యోగంలో చేరి పది రోజులే అయింది. ఆ లక్ష నమూనాల వివరాలను మూడేళ్ళు కష్టపడి పోగుచేసిన కెమిస్టు సరిగ్గా ఎదురుగా కూర్చున్నాడు.

తడి గాయాన్ని కుట్లు లేకుండా అతికించే జిగురు కనిపెట్టడం ఆ ల్యాబ్ పని. డేటా చదివి ఏఐ కొత్త మిశ్రమాలు సూచించాలి. అది సూచించిన పన్నెండూ నీళ్ళలో పెట్టగానే ఊడిపోయాయి. రెండు నెలల్లో ఫలితం రాకపోతే ప్రాజెక్టు ఆపేస్తానని డైరెక్టర్ మేడమ్ చెప్పేసింది.

"లక్షంటే లక్షే కదండీ," అన్నాడతను.

"ఒకే మనిషివి వెయ్యి సెల్ఫీలుంటే ఫోన్లో వెయ్యిమంది ఉన్నట్టా? ఏది దేనికెంత దగ్గరో కొలిచి, ఒకేలాంటివాటిని ఒకటిగా లెక్కేశాను. మూడు వందలు మిగిలాయి. అందుకే ఏఐ చెప్పిందే చెబుతోంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

మధ్యాహ్నం ఆమె రెండు టీలతో అతని బల్ల దగ్గరికొచ్చింది.

"కోపమా?"

"లేదు."

"అయితే తాగండి."

"కోపమే."

"అయినా తాగండి, చల్లారిపోతుంది."

నవ్వకూడదనుకుంటూనే నవ్వేశాడు.

"ఒకటి అడగనా? మీ డేటాలో అన్నీ అంతో ఇంతో అతికినవే. అసలు అతకనివి ఏమయ్యాయి?"

"పారేశాను," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

ఆమె అతన్నే ఒక చూపు చూసి, ఖాళీ కప్పులు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ చూపు రెండు రోజులు అతన్ని వదల్లేదు. మూడో రోజు పొద్దున్నే ఒక అట్టపెట్టె మోసుకొచ్చి ఆమె టేబుల్ మీద పెట్టాడు. లోపల పదకొండు నోటుపుస్తకాలు.

"పారేయలేదు. చూపించడానికి సిగ్గేసింది. ఆరు వందల నలభై ప్రయోగాలు, అన్నీ ఫెయిలైనవే."

ఆమె ఒక పేజీ తెరిచి పైకి చదివింది. "పాలలా విరిగిపోయింది. నా మనసూ అంతే."

"అది చదవకండి, ప్లీజ్."

"అది కూడా డేటాయే," అందామె సీరియస్‌గా.

మూడు వారాలు పక్కపక్కన కూర్చుని అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించారు. బయట వాన పడుతూనే ఉంది. అతని కోడికెలుకుడు రాత అతనికే అర్థం కాని చోట ఆమె చదివి చెప్పేది. చివరికి మళ్ళీ కొలిచి స్క్రీన్ అతని వైపు తిప్పింది. మూడు వందలు కాస్తా ఎనిమిది వందల పది అయింది.

"మీ మూడేళ్ళ పనిలో ఇదే గొప్పది. దీన్నే దాచుకున్నారు," అంది.

ఈసారి ఏఐ ఎవరూ ఊహించని మిశ్రమం ఒకటి చెప్పింది. దాంతో రెండు గాజుపలకలు అతికించి నీళ్ళ తొట్టిలో ఉంచారు. వారమైనా ఊడలేదు.

అందర్నీ పిలిపించి, "ఎవరి ఘనత ఇది?" అని అడిగింది డైరెక్టర్.

అతను లేచాడు. "ఈవిడదే మేడమ్. లక్ష అని నేను గొప్పలు పోతుంటే మూడు వందలేనని చెప్పింది. ఆ రోజు మొహమాటపడి ఊరుకునుంటే ఇవాళ ఇది లేదు."

"కొలవడం నా ఉద్యోగం," అందామె. "ఆ పుస్తకాలు తెచ్చివ్వడానికే ధైర్యం కావాలి. అది ఆయనది."

సాయంత్రం ఇద్దరూ వాన తగ్గేదాకా మెట్ల మీద నిలబడ్డారు.

"ఇక ఎక్కించడానికేమీ లేదు. అయినా మీ పక్కన కూర్చోవాలనుంది," అన్నాడు.

"ఎన్నాళ్ళు?"

"మీరు లేవమనేదాకా."

"నేను లేవమనను," అంది వాన వైపు చూస్తూ. "ఆదివారం మా ఇంటికి రండి. నాన్నతో మాట్లాడండి."

వాళ్ళ నాన్న ప్లంబర్. ముప్పై ఏళ్ళుగా పైపులు అతికించిన చేతులతో, అతను తెచ్చిన గాజుపలకల్ని పట్టి బలంగా లాగాడు. ఊడలేదు. వాటిని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

"మా అమ్మాయి నలుగురిలో నీ తప్పెత్తి చూపించిందట. ఏమనిపించింది బాబూ?"

"ఆ రోజు ఒళ్ళు మండిందండీ. ఇప్పుడు ఆ మాట అన్నది ఈవిడేనని కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుంటున్నాను."

ఆయన కూతురి వైపు చూశాడు. వంటగదిలో ఉన్న భార్యను కేకేశాడు.

"ఏమే, ఇంకా లోపలే ఉన్నావేం? అల్లుడుగారొచ్చి ఎంతసేపైంది."