రెండు వేళ్ల తేడా

"ఇది కాడేనా, కట్టెల మోపులోంచి లాగిన కట్టెనా?"

ఆత్మకూరు వడ్రంగి పెంచలనరసయ్య కొట్టం ముందు ఉదయగిరి కమ్మరి ఇంటి బండివాడు ఆదెయ్య అరుస్తున్నాడు. భుజాన కొత్త కాడి, చేతిలో నులక తాడు. అరగంట క్రితం అదే కాడి తీసుకొని నవ్వుతూ వెళ్లినవాడే.

కరువు పోయి రెండో ఏడు. వానలు పడుతున్నాయి, జనం మళ్లీ ప్రయాణాలు మొదలుపెట్టారు. ఉదయగిరి దారిలో ఆదెయ్య సవారి బండిని దాటే బండి లేదు. ఆ ఎద్దుల లాగుడుకు పాత కాడి చీలిపోతే, ఇంకా గట్టిది కావాలని నాలుగు రోజుల కిందట పురమాయించి వెళ్లాడు.

కొట్టంలో పెంచలనరసయ్య కూతురు కామాక్షి ఒక్కతే ఉంది. తల ఎత్తి చూసింది.

"ఏమైంది?"

"నులకతో కొలిచినాను. నడిమి గాడి నుంచి కుడి పక్క రెండు వేళ్లు తక్కువ ఉండాది!"

"కుడి పక్కేనా?"

"అవును."

"అయితే సరిగానే ఉండాది."

ఆ పిల్ల కళ్లలో నవ్వు చూసి ఆదెయ్యకు కోపం ఇంకా పెరిగింది.

"గట్టి నారేప కర్రతో, ఇనప పట్టీ వేసి చెయ్యమన్నా గదా? ఈ వేప కర్ర ఏంది?"

"నారేప బరువు మోసేది ఎద్దులు గదా, నువ్వా?"

"మీ నాయనకు చూపు ఆనడం లేదని ఎవరో అంటే నేను నమ్మలేదు. ఇప్పుడు ఉదయగిరిలో అందరికీ చెప్తా!"

కామాక్షి ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఆ మాట ఊళ్లకు పాకితే ఈ కొట్టం గడప తొక్కేవాళ్లుండరు. నాన్న కళ్లకు పొర కమ్మినప్పటి నుంచి ఉలీ బాడిసా పట్టింది తనే. ఆడపిల్ల చేసిన కాడిని రైతులు ఎద్దుల మీద వెయ్యరని ఇన్నాళ్లు దాచింది. కానీ నాన్నను అంటే ఊరుకోలేకపోయింది.

"నాయన్ను అనొద్దు. అది చేసింది నేను."

"నువ్వా?" ఆదెయ్య కాడిని భుజం మీద నుంచి దించేశాడు. "ఆడపిల్ల చేసిన కాడా నా ఎద్దులకు!"

"నీ ఎద్దుల్నే అడుగుదాం. వాగు ఇసక దాకా తోలు. బండి ఒక్క జాన పక్కకు పోయినా ఊరూరా చాటుకో."

లోపలి నుంచి గోడ పట్టుకుంటూ పెంచలనరసయ్య వచ్చాడు. "నేనూ వస్తా. నన్ను పట్టుకొనేదానికి మా పిల్లా వస్తాది."

కొత్త కాడి కట్టుకొని బండి బయల్దేరింది. సన్నగా తుంపర మొదలైంది. జల్లు లోపలికి కొడుతోందేమో చూసే నెపంతో ఆదెయ్య మూడుసార్లు వెనక్కి తిరిగాడు.

"దారి ముందర ఉండాది," అంది కామాక్షి.

"తెలుసులే."

వాగు ఇసకలోకి దిగగానే ఆదెయ్య అలవాటుగా కుడి పగ్గం బిగించాడు.

"వదులు," అంది కామాక్షి.

"వదిలితే బండి ఎడమకు పోతాది."

"వదలమన్నానా!"

వదిలాడు. బండి ఎటూ మళ్లలేదు. నూలు పట్టినట్టు వాగు దాటి అవతలి గట్టెక్కింది. ఆదెయ్య ఎద్దుల్ని ఆపాడు.

"నీ కుడి అరచెయ్యి చూపించు," అంది కామాక్షి.

చూపించాడు. మధ్యలో పగ్గం ఒరుసుకొని కాయ కాసి ఉంది.

"కుడి ఎద్దుకు బలం ఎక్కువ. రోజూ దాన్ని నువ్వు వెనక్కి లాగతా ఉండావు. బలమైనదాని పక్క కాడి పొట్టిగా ఉంటే ఎక్కువ బరువు అదే మోస్తాది. రెండో దానికి తేలిక."

ఆదెయ్య గొంతు తగ్గింది. "ఆ ఎడమది కరువులో రెండు నెలలు లేవలేదు. నాగజెముడు ముళ్లు కాల్చి చేత్తో తినిపించినాను. దానికి బలం తక్కువని తెలిస్తే అమ్మెయ్యమంటారని ఎవురికీ చెప్పలేదు."

"తెలుసు. దాని వీపున ఒక్క దెబ్బ లేదు. నువ్వు మొదట వచ్చినప్పుడే చూసినాను."

"ఎద్దునేనా చూసింది?"

"చక్రాలు కూడా చూసినాను."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఆ వెంటనే కామాక్షి కొంగు సర్దుకుంది. "నా సంగతి ఊళ్లో చెప్పొద్దు."

"కష్టమే. నా నోట్లో మాట నిలవదని మా అవ్వే అంటాది. మా ఇంటి సంగతి అయితే మటుకు గడప దాటనీను."

"నా పని మీ ఇంటి సంగతి ఎట్టవుతాది?"

"అదే మామను అడుగుదామని."

వెనక నుంచి పెంచలనరసయ్య దగ్గాడు. "పొద్దున వచ్చినప్పుడు పెద్దాయనా అన్నావు, అప్పుడే మామనైనానా? చూపు పోయింది గానీ చెవులు బాగానే ఉండాయిరా. నాకేం అడ్డం లేదు. చెప్పాల్సింది మా పిల్ల."

కామాక్షి వానను చూస్తూ కూర్చుంది. తిరుగుదారిలో ఆదెయ్య బండి ఏనాడూ లేనంత నిదానంగా నడిచింది.

ఆత్మకూరు బజారులో అనంతసాగరం రైతు నారాయణయ్య ఎదురొచ్చి బండి ఆపాడు.

"నువ్వు వాగు దాటేది గట్టు మీంచి చూసినాను ఆదెయ్యా. ఏం కాడిరా అది! పెంచలనరసయ్యదేనా?"

ఆదెయ్య నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు. పెదాలు బిగబట్టి, బుగ్గలు ఉబ్బించి, చూపు ఆకాశం వైపు తిప్పుకున్నాడు. ఆ అవస్థ చూసి కామాక్షికి నవ్వు ఆగలేదు. తను ఒప్పుకోకముందే మాట దాస్తున్నాడు. కానీ ఇన్నాళ్లు ఇక్కడ దాగి, ఇక మీదట ఉదయగిరిలోనూ దాగడమా? ఆమె బండిలోంచి తల బయటికి పెట్టింది.

"కాదు పెద్దయ్యా. నేను చేసినాను."

పెంచలనరసయ్య కూతురి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నారాయణయ్య కాడి చుట్టూ తిరిగాడు. ఎద్దు మెడ తడిమాడు, ఒరిపిడి లేదు. కామాక్షి వేళ్ల మీది ఉలి గాట్ల వైపు చూశాడు.

"మా ఎద్దులకూ ఒకటి కావాల. ఎప్పుడు రమ్మంటావు తల్లీ?"

"ఈ నెలలోపలైతే మా కొట్టానికి రా పెద్దయ్యా. ఆ పైనైతే ఉదయగిరికి రావాల."

"ఉదయగిరికా? ఆడ నీకేం పని?"

కామాక్షి బండి లోపలికి జరిగి, ముఖం నాన్న భుజం చాటున పెట్టుకుంది.

"ఆయన్నే అడుగు. ఇంక చెప్పొచ్చు."

ఆదెయ్య బండి మీద లేచి నిలబడి బజారంతటికీ చెప్పాడు.