ఒడిసిన కేసు

"ఆ పేపర్ కింద పెట్టు. ఊరంత నిన్నే చూస్తున్నది."

నర్సింలు కావేరితో అన్న మొదటి మాట ఇది. సాతంరాయిలో హైవే పక్కన చాయ్ హోటల్, 2009 వానాకాలం. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ఇంగ్లీషు పేపర్ మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుందామె.

"నువ్వు ఏమిటండీ? మీరు అనండి. డిటెక్టివ్‌లు ఇలాగే కూర్చుంటారు. పుస్తకాలు చదవలేదా?"

"పుస్తకాలు రాసినోళ్లు సాతంరాయి జూడలే. ఈడ ఇంగ్లీష్ పేపర్ పట్టెటోళ్లు ఇద్దరే. ప్లాట్లు అమ్మెటోడు, పిచ్చోడు."

"నేనెవరిని మరి?"

"చాయ్ తాగినంక చెప్త."

ఇద్దరూ శంషాబాద్‌లో ఈశ్వరయ్య నడిపే డిటెక్టివ్ ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు. హత్యలూ లేవు, దొంగలూ లేరు. పెళ్లికొడుకుల వాకబే పని. మనవాళ్లు పెళ్లికి ముందు కులం నోటితో అడుగుతారు, ఆస్తి నోటితో అడుగుతారు, మనిషి ఎలాంటివాడో మాత్రం డబ్బిచ్చి అడిగిస్తారు. సిగ్గులేని లోకం.

నర్సింలు నిన్నటిదాకా ఎయిర్‌పోర్ట్ క్యాబ్ నడిపినవాడు. ఎవరి పక్కనైనా కూర్చుని చాయ్ తాగాడంటే వాళ్ల ఏడు తరాలు బయటికొచ్చేవి. కావేరిది గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఆమెకు భూతద్దం కావాలి, బూట్ల గుర్తులు కావాలి. నిప్పూ నీళ్లూ ఒకే బైక్ మీద తిరిగినట్టుండేది.

మొదటి కేసు తేలగానే నర్సింలు ఫోన్ చేశాడు. "కేసు ఒడిసింది."

అయిపోయింది అని అతని భాష. కావేరికి తెలిసింది ఒడిసిపట్టడం ఒక్కటే. "అబ్బాయిని ఒడిసిపట్టాము" అని రిపోర్టు టైపు చేసి పంపింది. గంటలో పిల్ల తండ్రి నలుగురు మనుషులతో దిగాడు. "ఏడ కట్టేసిన్రు వాన్ని?"

ఆ రోజు నవ్విన నవ్వుకు ఇద్దరికీ కళ్లనీళ్లొచ్చాయి. అప్పట్నుంచి వాళ్ల మధ్య ఆ మాటకు అర్థమే మారిపోయింది. ఏది దొరికినా "ఒడిసింది!" పోయిన తాళంచెవి దొరికినా, వానలో ఆటో దొరికినా. కావేరి నోట్లో అయితే "ఒడిసిందండీ!"

ఒకరోజు గోదాము రేకుల కింద వానకు చిక్కుకున్నారు. తడిసిన జుట్టు పిండుకుంటూ అడిగింది కావేరి.

"అందరి గుట్టూ లాగుతారు. పక్కనున్న మనిషి మనసులో ఏముందో కనిపెట్టలేరా?"

"మీ మనసుల ఏమున్నదో నాకెట్ల ఎర్క? గింత అల్లం చాయ్ ఉన్నదేమో."

ఆమె మొహం తిప్పుకుంది. అతనికి తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు. దానికి మర్యాద అని పేరు పెట్టుకున్నాడు. పిరికితనానికి పెట్టే ముద్దుపేరు అది.

తర్వాతి నెల, కావేరి సెలవులో ఉన్న రోజున, ఆమె తండ్రి నరసరాజు ఆఫీసుకొచ్చాడు. ఫోటో బల్ల మీద పెట్టాడు.

"పేరు భార్గవ్. మా అమ్మాయికి అనుకుంటున్నాం. వివరాలు కావాలి బాబూ. నువ్వయితే నిజం చెబుతావని మా కావేరే అంటూ ఉంటుంది."

పది రోజులు తిరిగాడు నర్సింలు. ఒక్క తప్పు దొరకాలని మొక్కుకున్నాడు. సిగరెట్ అయినా లేదు. పైగా వీధికుక్కలకు బిస్కెట్లు పెట్టే రకం! ఒక్క అబద్ధం రాస్తే చాలు. రాయలేదు. శనివారం నరసరాజు చేతికి రిపోర్టు ఇచ్చేశాడు.

ఆ సాయంత్రమే కావేరి ఫోన్.

"నాన్నగారు మీ దగ్గరకొచ్చిన సంగతి తెలుసు. దాచకండి. మన కేసు ఏమైంది?"

అతని నోట ఊరి మాటే బయటికొచ్చింది. "ఒడిసింది."

అటు నుంచి నవ్వు. ఎంత సంతోషమో ఆ నవ్వులో! భార్గవ్ నచ్చాడు కాబోలనుకున్నాడు నర్సింలు. సోమవారం ఆమె ఆఫీసుకు రాలేదు. నెల తిరక్కుండా శుభలేఖ వచ్చింది.

నాలుగేళ్లు గడిచాయి. ఎయిర్‌పోర్టులో ఎవరి మీదో కన్నేసి నిలబడ్డాడు నర్సింలు. అక్కడ చాయ్ తాగిస్తూ ఎవరినీ మాట్లాడించలేం. అందుకే ఇంగ్లీషు పేపర్.

"తలకిందులుగా పట్టుకున్నారండీ."

కావేరి. పక్కన సామాన్ల బండి. కొంచెం దూరంలో భార్గవ్ బెంగళూరు విమానం క్యూలో ఉన్నాడు.

"మంచిగున్నరా?"

"ఆయన మంచివారే. మీరే రాశారుగా." ఆమె బండి పిడి గట్టిగా పట్టుకుంది. "ఒక్కటి అడుగుతాను. ఆ ఆదివారం ఎందుకు రాలేదు?"

"ఏ ఆదివారం?"

"ఒడిసింది అన్నారు. నా మనసు పట్టేశారనుకున్నాను. నన్నడగడానికి మర్నాడే ఒకరొస్తారని నాన్నకు చెప్పాను. పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా గుమ్మంలోనే ఉన్నాను నర్సింలు గారూ."

నర్సింలు పేపర్ దించాడు. "నేను... అయిపోయిందన్న."

కావేరి బండి పిడి వదిలేసింది.

"మల్ల ఒక్క ఫోన్ చేసి అడగకపోతివి?"

ఆ చాయ్ హోటల్ తర్వాత అతని నోట మళ్లీ ఇప్పుడే "నువ్వు". ఆమె కూడా "మీరు" వదిలేసింది.

"నువ్వు ఒక్క మాట చెప్పకపోయావా?"

భార్గవ్ చెయ్యి ఊపాడు. కావేరి బండి తిప్పి, ఆగింది.

"మన కేసు?"

"ఒడువలే."

దొరకలేదనా, అయిపోలేదనా? ఆమె అడగలేదు. తలూపి వెళ్లిపోయింది.

నర్సింలు పేపర్ ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అది ఇంకా తలకిందులుగానే ఉంది.