పెదబాబు ముఖానికి తెరుచుకునే తాళం

చోడవరం నుంచి వడ్డాది పోయే రోడ్డులో, చెరుకు తోటల్ని ఆనుకుని ఉన్న పెదబాబు ఇంటికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక ఆ ఇంటి ముందుకొస్తే చెరుకు లారీ కూడా హారన్ మింగేసి, మునివేళ్ళ మీద నడుస్తాదంట.

ఇల్లు కట్టిన పెదబాబు అందులో కాలు పెట్టకుండానే పోయేడు. అప్పట్నించీ ఎన్ని గడియలు బిగించినా, తెల్లారేసరికి వీధి తలుపు బార్లా తెరిచే ఉండేది...

కోడలు రెజీనా చిక్కి అగ్గిపుల్లయిపోయింది. మొగుడు దేవకుమార్‌ది వైజాగ్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం, ఆదివారాలకే వస్తాడు.

"ఇంకొక్కసారి ఆ తలుపు దానంతటది తెరుచుకుందా— నాను వైజాగ్ వచ్చెస్తాను. ఈ ఇల్లు అమ్మెయ్!" అని చెప్పేసింది.

ఇల్లు అమ్మడమంటే అత్తగారు అప్పలమ్మకి ప్రాణం తీసినట్టే. అంచేత ముగ్గురూ కలిసి కొత్తరకం తాళం కొనడానికి బయల్దేరేరు.

షాపు కుర్రాడు ఉదయ్‌కుమార్ అన్నీ చూపించేడు. వేలిముద్ర తాళం పనికిరాలేదు. బెల్లం వండీ వండీ అప్పలమ్మ వేళ్ళు అద్దంలా అరిగిపోయేయి, ముఖం చూసుకోవచ్చు. నంబరు నొక్కే తాళమా... ఆవిడకి నంబరు చెప్పడం, చర్చి మైకులో చెప్పడం ఒకటే. ఇక మిగిలింది ముఖం చూసి, పేరు పెట్టి పిలిచి తెరిచేది.

"ఇది మాత్రం వద్దు మామ్మా. ఫొటో చూపించినా తెరిచెస్తాది. అదే దీని లోపం."

"లోపమేటి బాబూ, మర్యాద! కట్టినోడికి తెరుచుకోని తాళం నాకెందుకు?"

రెజీనా ఎంత మొత్తుకున్నా అదే కొన్నారు. తమ ముఖాలతో పాటు పెదబాబు ఫొటో కూడా దానికి చూపించేరు.

కొన్నాళ్ళు తలుపు కదల్లేదు. రెజీనా పెట్టే గురక బుచ్చయ్యపేట దాకా వినిపించేదంట.

ఒకనాడు ఇంకా తెల్లవారకుండానే... చీకట్లో తాళం తియ్యగా పలికింది—

"రండి, పెదబాబు గారూ."

రెజీనా జడ నిటారుగా లేచి ఫ్యానుకి తగిలింది.

తలుపు మెల్లగా తెరుచుకుంది. గుమ్మంలో తెల్లటి ఆకారం... ముఖం లేదు... ఆ తెలుపు లోపల్నించి ఏదో గొణుగుడు...

"యేసయ్యా, కాపాడు!" అంది రెజీనా.

"ఆమెన్," అంది ఆకారం. అని, ముసుగు తీసింది.

అప్పలమ్మ!

"ఎక్కడికెళ్ళేవత్తా?"

"తెల్లారగట్ల ప్రార్థనకే. ముఖం మీదకి ముసుగేసుకుంటే ఈ తాళం నన్ను పోల్చదు. ప్రార్థన నోట్లో ఉండగా ముసుగెలాగ తీస్తానే? అంచేత మీ మావని సూపించేను." బైబిల్లోంచి పెదబాబు ఫొటో తీసి చూపించింది.

రెజీనాకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చేయి.

"బతికున్న నిన్ను పోల్చదు గానీ, పోయినాయన్ని మాత్రం రండి అంటాదా!" అని ఫోను తీసి, తాళంలోంచి మావగారి ముఖం చెరిపేసింది.

"ఒసే, అలా సెయ్యకే... ఆయన బైటుండిపోతారు."

"ఉండనీ."

తలుపు మూసేరు. తాళం పడింది.

అంతలో— బైట్నుంచి ఎవరో తలుపు తట్టేరు. నెమ్మదిగా... సొంతింటికి వచ్చిన మనిషిలాగ, చనువుగా.

ఈసారి తాళం పలకలేదు.

"సెప్పేనా..." అంది అప్పలమ్మ గుసగుసగా. అంటూనే కొంగు సవరించుకుంది.

ఈ క్షణమే వైజాగ్ పోతానని రెజీనా సంచీ అందుకుంది. పెరటి తలుపు కూడా తెరుచుకుంటాదేమోనని భయపడి, ఎప్పుడో దానికి అడ్డంగా గోడ కట్టించేసింది తనే. బైటికి పోవడానికి మిగిలింది...

ఆ తలుపొక్కటే.