నారింజ వెయ్యని కప్పు

ఉదయం ఏడున్నరకల్లా మొదటి కప్పు సింకులో పడింది.

"చేదు," అన్నాడు తండ్రి ఒక్క గుక్కకే. "నారింజ తొక్క పైపైన గీకమంటే కిందున్న తెల్లపొర దాకా గీకావు. అట్టపెట్టెలు మడిచే చేతులకి ఇంతకంటే ఏమొస్తుందిలే."

కూతురు సింకులోంచి కప్పు తీసి కడిగింది. ఆమెకి ముప్పై రెండేళ్లు. చాక్లెట్ ఫ్యాక్టరీ ప్యాకింగు విభాగంలో తొమ్మిదేళ్లుగా పెట్టెలు మడుస్తోంది. అదే ఫ్యాక్టరీలో తండ్రి ప్రధాన రుచి పరీక్షకుడు. అక్కడ ఆయన పేరు ఎవరూ వాడరు. గేటు దగ్గర కాపలా మనిషి నుంచి యజమాని దాకా అందరికీ ఆయన 'నాలుక'. నాలుక తల ఊపితే సరుకు బజారుకి వెళుతుంది. పెదవి విరిస్తే బకెట్‌లోకి వెళుతుంది.

"రంగు పొర వరకే గీకాను నాన్నా. పాలు వేడెక్కాక అందులో వేసి, మూతపెట్టి, పది నిమిషాలకి వడకట్టేశాను. చేదు ఎక్కడి నుంచి వస్తుంది?"

"అయితే నా నాలుక అబద్ధమాడుతోందంటావు."

"ఆయన అంత గట్టిగా అంటున్నారంటే ఏదో తేడా ఉండే ఉంటుంది చిట్టీ," అంది తల్లి మెత్తగా. ఆ ఇంట్లో ఏ కప్పయినా ఆమె చేతుల మీదుగానే ఆయన ముందుకు వెళుతుంది. ముందు తను ఒక చుక్క తాగి, "వేడి సరిపోయింది," అని బల్లమీద పెడుతుంది. పెళ్లయినప్పటి నుంచీ కాదుగానీ, ఈ మధ్య అలవాటైంది.

ఫ్యాక్టరీ ఈ చలికాలానికి నారింజ వాసనతో వేడి చాక్లెట్ పానీయం తేవాలనుకుంది. ఇంట్లో చేసుకున్నట్టుండాలి. ఉద్యోగుల్లో ఎవరైనా తమ నమూనా ఇవ్వొచ్చు. ఎవరిది నెగ్గితే వాళ్లకి రుచి గదిలో కుర్చీ. ఒకటే షరతు, కాగితం మీద నాలుక సంతకం ఉండాలి. ఏడు నెలలుగా ప్రతి ఆదివారం ఆమె కప్పు పెడుతోంది. ఏడు నెలలుగా ఆయన పారబోస్తున్నాడు. ఈ రోజు పదకొండింటికి రుచి విభాగం మేనేజరు స్వయంగా ఇంటికి వస్తోంది. ఈ రోజుతో గడువు అయిపోతుంది.

"ఇంకోసారి చేస్తాను," అంది కూతురు.

"చెయ్యి. మేడమ్ ముందు పారబొయ్యడానికి నాకూ ఒకటి కావాలిగా."

తల్లి బ్రెడ్డు తేవడానికి కిందికి వెళ్లింది. కూతురు కొత్తగా పాలు పొయ్యిమీద పెట్టింది. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. ఆయనకి ఆ సంబరం దక్కనివ్వడం ఇష్టం లేక బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పింది. మొహం కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. తలుపు తీసేసరికి ముక్కు పుటాలు అదిరిపోయాయి.

పాలు మాడిపోయాయి. గిన్నె అడుగు నల్లబడి, పొగ కిటికీ అద్దాన్ని పట్టేసింది.

తండ్రి పొయ్యికి వీపు పెట్టి కూర్చుని, రెండడుగుల దూరంలో, తీరిగ్గా పేపరు చదువుతున్నాడు.

కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది. ఈ మనిషి ఒకప్పుడు మెట్ల దగ్గర నిలబడి, మూడో అంతస్తులో ఎవరింట్లో ఉల్లిపాయ మాడిందో చెప్పేవాడు. ఆయన పేజీ తిప్పాడు. గొంతులో పొగ గుచ్చుకుని ఒకసారి దగ్గాడు. మళ్లీ చదువుకున్నాడు.

మెట్లమీద చెప్పుల చప్పుడైంది. "ఏంటీ మాడు కంపు, కింద దాకా వస్తోంది," అంటూ తల్లి లోపలికి వచ్చింది.

ఆయన పేపరు దించాడు. ఒక్క క్షణం కూడా తడబడలేదు. "అదే చూస్తున్నాను, ఎప్పటికి వచ్చి ఆపుతుందా అని. మీ అమ్మాయి పాలు మాడబెట్టింది. దీన్ని తీసుకెళ్లి రుచి గదిలో కూర్చోబెట్టాలట."

కూతురు పొయ్యి ఆపింది. గిన్నె తోముతున్నంతసేపూ లెక్క వేసుకుంది. ఏడు నెలల కింద పది రోజుల జ్వరం. జ్వరం తగ్గాక కాళ్లలో సత్తువ లేదని ఫ్యాక్టరీకి వెళ్లడం మానేశాడు. ప్రతి శుక్రవారం నమూనాలు ఇంటికే వస్తున్నాయి. ఈయన కాగితాలు రాసి పంపుతున్నాడు. అప్పటి నుంచే కదా తన కప్పు చేదెక్కింది.

వాసన తెలియడం లేదు. వాసన పోయిన వాడికి రుచి ఎక్కడుంటుంది.

పదిన్నరకి ఆమె రెండు గిన్నెలు పెట్టింది. రెంటిలోనూ పాలు సన్నని సెగమీద వేడి చేసింది. కోకోని కాసిని వేడి పాలలో ముద్దలా కలిపి పోసింది, చాక్లెట్ ముక్కలు కరిగించింది, చిటికెడు ఉప్పు వేసింది. ఒకదానిలో నారింజ తొక్క ఊరి ఉంది. రెండోదానిలో నారింజ నీడ కూడా పడలేదు. రెండు కప్పుల్లో పోసింది. చూడ్డానికి రెండూ ఒకటే.

పిలిచి అడిగితే సరిపోతుంది. వంటింట్లో, తలుపు వేసి, మెల్లగా. నాన్నా, నీకు వాసన పోయింది కదూ అని. ఆయన ఏమంటాడో తెలియదు. ఏడుస్తాడేమో. ఆమెకి గుండె కాస్త మెత్తబడింది.

సరిగ్గా అప్పుడే ఆయన ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. "ఇదిగో ప్యాకింగు దొరసానీ, మేడమ్ ముందు ఏడుపు లంకించుకోకు. మీ వాళ్లు ఏడిస్తే పెట్టెలు తడుస్తాయి."

కూతురు తల ఊపింది. నారింజ ఉన్న కప్పుకి మూత పెట్టి అలమర లోపలికి జరిపింది.

* * *

మేనేజరు సమయానికే వచ్చింది. నలభై దాటిన మనిషి, రుచి గదిలో ఆయన దగ్గరే పని నేర్చుకుంది. ఇప్పటికీ ఆయన కూర్చున్నాకే కూర్చుంటుంది.

"కాళ్లెలా ఉన్నాయి మాస్టారూ?"

"కాళ్లతో రుచి చూడనుగా అమ్మా. మిగతావన్నీ బాగున్నాయి."

ఇద్దరూ నవ్వారు. వంటింట్లో తల్లి కప్పు అందుకుంది. అలవాటుగా ఒక చుక్క తాగింది. ఆగింది. కూతురి మొహంలోకి చూసింది. మళ్లీ కప్పులోకి చూసింది.

"చిట్టీ, ఇందులో..."

"వేడి సరిపోయిందా అమ్మా?"

తల్లి పెదవులు కదిలాయి. హాల్లోంచి పిలుపు వచ్చింది. ఆమె ట్రే ఎత్తుకుని వెళ్లింది. కప్పు భర్త ముందు పెట్టింది. దాని పిడి ఆయన ఎడమచేతి వైపుకి తిప్పి పెట్టింది.

ఆయన కప్పు ఎత్తి, ముక్కు దగ్గర మూడుసార్లు తిప్పాడు. కళ్లు మూసుకున్నాడు. ఒక గుక్క నోట్లో ఈ చెంప నుంచి ఆ చెంపకి పుక్కిలించి మింగాడు. ముప్పై ఏళ్ల పనితనం అది. చూసేవాళ్లకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

"మళ్లీ అదే," అన్నాడు. "నారింజ దంచి కొట్టింది. తెల్లపొర దిగింది, నాలుక చివర చేదు పట్టేసింది. సొంత కూతురని చూసుకోను మేడమ్. అనర్హం అని రాసుకోండి."

మేనేజరు కలం తీసింది. కూతురు ముందుకొచ్చింది.

"రాసేముందు మీరూ ఒక గుక్క చూడండి మేడమ్."

మేనేజరు కప్పు అందుకుంది. వాసన చూసింది. తాగింది. మళ్లీ తాగింది. కలం మూత పెట్టేసింది.

"మాస్టారూ," అంది చాలా నెమ్మదిగా. "ఇందులో నారింజే లేదు."

పక్కింటి రేడియో గోడలోంచి వినిపిస్తోంది.

"చదువు రానివాడు పేపరు తిరగేసి పట్టుకున్నట్టు ఏడు నెలలు నా కప్పు పట్టుకున్నావు నాన్నా," అంది కూతురు. ప్రతి మాటా మేనేజరుకి వినపడాలనే అంది. "పొద్దున నీ వీపు వెనక పాలు మాడితే నీకు తెలియలేదు. నారింజకీ ఉప్పునీళ్లకీ తేడా తెలియని నోటితో నన్ను ప్యాకింగు దొరసాని అన్నావు."

ఆయన కూతురి వైపు చూడలేదు. భార్య వైపు చూశాడు.

"ఎడమకి తిప్పావుగా."

తల్లి పైట చెంగు వేలికి చుట్టుకుంది.

"ఏం తిప్పడం?" అంది కూతురు.

ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. బాగుంటే పిడి కుడివైపుకి. బాగోకపోతే ఎడమకి. రుచి ఆవిడది, మాటలు ఆయనవి. ఆ ఇంట్లో రెండే గుర్తులు. నారింజ వెయ్యడం మర్చిపోయింది అని చెప్పడానికి మూడో గుర్తు లేదు.

మేనేజరు తల్లి వైపు తిరిగింది. "మొన్న శుక్రవారం నమూనా బాగోలేదని రాసి పంపారు. తీరా చూస్తే అందులో పాలపొడి పాతబడింది. మా గదిలో నలుగురం తాగి పట్టుకోలేకపోయాం. అది మీరేనా అమ్మగారూ?"

తల్లి తల వంచుకునే ఊపింది.

"అంతకుముందువి కూడా?"

"అన్నీ నేనే అమ్మా."

"ఒక్కటి కూడా తప్పు పోలేదు," అంది మేనేజరు.

ఆ మాటకి ముందుగా కదిలింది తండ్రి. కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. కాళ్లు నిజంగానే వణుకుతున్నాయి.

"పాతపొడి పట్టుకున్నదానివి. నలుగురికి దొరకనిది పట్టుకున్నదానివి. దీని కప్పు మాత్రం ప్రతిసారీ ఎడమకే తిప్పావు. ఏడు నెలలు. నిజంగా అంత చెడ్డగా చేసిందా?"

తల్లి చెంగుతో ట్రే తుడవసాగింది.

"చెప్పవే. నువ్వు తిప్పావని నేను నోటికొచ్చినట్టు తిట్టాను దాన్ని. చెడ్డగా చేసిందా?"

"బాగా చేసింది," అంది తల్లి. గొంతులో ఇప్పటికీ అదే మెత్తదనం. "అందుకే తిప్పాను. ఇది ఆ గదిలోకి వస్తే మీ పక్కనే కూర్చుంటుంది. ఒక్కరోజులో పట్టేస్తుంది మిమ్మల్ని. ఇది ఇంకో పదేళ్లు పెట్టెలు మడిచినా బతుకుతుంది. మీకు ఆ కుర్చీ లేకపోతే ఏముంది? పొద్దున లేచి ఎవరవుతారు మీరు?"

కూతురికి కొట్టినట్టయింది. తండ్రి తిట్లు ఆమె లెక్కపెట్టుకుంది, మోసింది, పగ పెంచుకుంది. ఆయన తిట్టిన ప్రతిసారీ పరిగెత్తింది మాత్రం ఈ కొంగు దగ్గరికే. అది ఇన్నాళ్లూ వీపు నిమిరిన చెయ్యి. అదే చెయ్యి కప్పు తిప్పింది.

"ఏడిచినప్పుడల్లా దగ్గరికి తీసుకున్నావు కదమ్మా."

"తీసుకున్నాను. నాకూ ఏడుపొచ్చేది."

కూతురు వంటింట్లోకి వెళ్లి, అలమరలోని కప్పు వెచ్చబెట్టి తెచ్చింది. మేనేజరు నిలబడే తాగింది. సగం తాగాక గానీ కప్పు దించలేదు. కాగితం మీద ఏదో రాసింది.

"సోమవారం తొమ్మిదింటికి రుచి గదికి వచ్చెయ్యి." తర్వాత ఆయన వైపు తిరిగింది, కళ్లలోకి చూడకుండా. "శుక్రవారం నుంచి నమూనాలు రావు మాస్టారూ. మీ కుర్చీ ఖాళీ అయిందని నేనే చెప్పుకుంటాను. కారణం కాళ్లనే రాస్తాను."

ఆయన ఆమెకి నమస్కారం పెట్టాడు. ఇన్నేళ్లలో ముందుగా ఆయన చెయ్యి లేవడం అదే మొదటిసారి.

* * *

మేనేజరు వెళ్లిపోయాక ఆయన వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. కూతురు గిన్నె దించుతుంటే అడిగాడు.

"రెండు కప్పులు చేశావు కదూ."

"చేశాను."

"కావాలనే నారింజ లేనిది పంపావు."

"కావాలనే పంపాను. ముందు నిన్ను పక్కకి పిలిచి అడుగుదామనుకున్నాను. నువ్వు పెట్టెలు తడుస్తాయన్నావు."

ఆయన తల ఊపాడు. "నీ చోట నేనున్నా అదే చేసేవాణ్ణి. నాలో ఇంకేదైనా నీకు వచ్చి ఉంటే బాగుండేది."

ఆ మాటతో కూతురి కళ్లల్లో పొద్దుటి నుంచి ఆగిన నీళ్లు ఒక్కసారిగా దిగాయి. ఈసారి బాత్రూములోకి పరిగెత్తలేదు. ఆయన లేచి, రెండడుగులు వేసి, ఆమె తలమీద చెయ్యి పెట్టాడు. నాలుక అని పిలిపించుకున్న మనిషికి క్షమించమనే మాటకి నోరు తిరగలేదు. కూతురు ఆ చెయ్యి తియ్యలేదు.

తల్లి గుమ్మం అవతలే నిలబడి ఉంది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. వెళ్లిపొమ్మనీ అనలేదు.

కూతురు కొంగుతో మొహం తుడుచుకుంది. గిన్నెలో మిగిలింది ఒక కప్పులో పోసి, గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి తల్లి చేతికిచ్చింది.

"నోటితో చెప్పు. ఎలా ఉందో ఆయనకీ వినపడేలా చెప్పు."

తల్లి రెండు చేతులతో పట్టుకుంది. తాగింది. కప్పు అంచుకి పళ్లు కొట్టుకుని చిన్న చప్పుడైంది. చెంపల మీంచి జారిన నీళ్లు గడ్డం దగ్గర ఆగాయి.

"ముందు చాక్లెట్ తగులుతుందండీ," అంది భర్తతో, వెక్కుతూ. "ఇంతలో అయిపోయిందనుకుంటాం. మింగాక వస్తుంది నారింజ. అప్పుడే వొలిచిన తొక్క వేళ్లకి అంటినట్టు. చేదు లేదు. మొదటి ఆదివారం నుంచీ లేదు."

ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. "ఊఁ," అన్నాడు. "మింగాక రావాలి. సరిగ్గా అంతే ఉండాలి."

తల్లి మిగిలింది కూడా తాగేసింది. ఖాళీ కప్పు పట్టుకుని అక్కడే నిలబడింది. కూతురు మొహంలోకి చూసే ధైర్యం లేక కప్పులోకే చూస్తూ అడిగింది.

"ఇంకాస్త ఉందా చిట్టీ?"

కూతురు బుట్టలోంచి ఒక నారింజ తీసి కడగడం మొదలుపెట్టింది.

"లేదు," అంది. "కూర్చో, చేస్తాను."